వృక్షరేఖ పైకి జరుగుతోందా? విమాన లేజర్ స్కానింగ్‌తో పరిశీలన

4.1 పరిచయం

ఎత్తయిన పర్వతం మీదికి ఎక్కుతూ పోతే ఒక ఎత్తు దగ్గర అడవి పలచబడుతుంది. చెట్లు పొట్టివవుతాయి, ఒకదానికొకటి దూరమవుతాయి. ఆపైన గడ్డి, రాయి, మంచు మాత్రమే మిగులుతాయి. చెట్లు చెట్లుగా నిలబడి పెరగగల ఈ చివరి హద్దును వృక్షరేఖ అంటారు. పేరులో రేఖ ఉన్నప్పటికీ అది గీత గీసినట్లు ఉండదు. కొన్నిచోట్ల పదుల మీటర్ల వెడల్పున, కొన్నిచోట్ల వందల మీటర్ల వెడల్పున పరచుకున్న ఒక పట్టీలాగా ఉంటుంది. దట్టమైన అడవి ఎక్కడ ముగిసింది, విడివిడి చెట్లు ఎక్కడ ముగిశాయి, మోకాలెత్తు మొక్కలు ఎక్కడ ముగిశాయి అని అడిగితే మూడు వేర్వేరు జవాబులు వస్తాయి. ఈ పాఠం పొడవునా ఈ సంగతిని గుర్తుంచుకోండి.

భూమి వేడెక్కుతున్న కొద్దీ వృక్షరేఖ పైకి జరగాలి. ఇది సిద్ధాంతం. నిజంగా జరుగుతోందా, ఎంత జరుగుతోంది అన్నది కొలిచి చెప్పాల్సిన విషయం. ఆ కొలతకు ఉపయోగిస్తున్న సాధనాలలో విమాన లేజర్ స్కానింగ్ ఒకటి. దీనినే లైడార్ అని కూడా పిలుస్తారు. ఈ సాధనం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో ఈ పాఠంలో తెలుసుకుంటారు. తడబడే చోటుకే ఎక్కువ స్థలం ఇచ్చాం, ఎందుకంటే పరీక్షలోనూ ఉద్యోగంలోనూ మీకు ఎదురయ్యే ప్రశ్నలు అక్కడివే.

4.2 జహీరాబాద్‌లో వృక్షరేఖ ఎందుకు లేదు?

మీలో చాలామంది వృక్షరేఖను కళ్ళతో చూసి ఉండరు. తెలుగు రాష్ట్రాలలో ఎక్కడా అది లేదు. తూర్పు కనుమలలో ఎత్తయిన శిఖరాలలో ఒకటైన అర్మకొండ కూడా 1,680 మీటర్లే. అయినా వృక్షరేఖ ఎక్కడ ఉండి ఉండేదో మన ఊరినుంచే లెక్క కట్టవచ్చు.

జహీరాబాద్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఇక్కడి వార్షిక సగటు ఉష్ణోగ్రతను సుమారు 26 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. పట్టణం నడిబొడ్డున ఒక మహాపర్వతం ఉందని ఊహించండి. పైకి ఎక్కే ప్రతి 100 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 0.6 డిగ్రీ తగ్గుతుంది. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త క్రిస్టియన్ కోర్నర్, ఆయన సహచరులు ప్రపంచంలోని అనేక పర్వతాలను పోల్చి చూసి ఒక సంగతి గమనించారు. చెట్లు పెరిగే కాలంలో సగటు ఉష్ణోగ్రత సుమారు 6 నుంచి 7 డిగ్రీల దగ్గరకు పడిపోయిన చోట వృక్షరేఖ ఏర్పడుతుంది. ఆల్ప్స్ అయినా ఆండీస్ అయినా దాదాపు ఇదే సంఖ్య. 26 నుంచి 6కు దిగాలంటే 20 డిగ్రీలు తగ్గాలి. 20ని 0.6తో భాగించి 100తో గుణిస్తే సుమారు 3,300 మీటర్లు వస్తుంది. దానికి పట్టణం ఎత్తు 600 కలిపితే 3,900. అంటే మన ఊహా పర్వతం మీద వృక్షరేఖ సుమారు 3,900 మీటర్ల దగ్గర ఉండాలి.

ఇది కాగితం మీది లెక్కే అయినా సరిచూసుకునే వీలుంది. మెక్సికోలో 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, అంటే దాదాపు మన అక్షాంశంలోనే, పీకో దె ఒరిజాబా అనే అగ్నిపర్వతం ఉంది. అక్కడ పైన్ చెట్లు సుమారు 4,000 మీటర్ల వరకు పెరుగుతాయి.

ఇప్పుడు హిమాలయాలకు వెళ్దాం. ఉత్తరాఖండ్‌లోని తుంగనాథ్ ఆలయం సుమారు 3,680 మీటర్ల ఎత్తున, వృక్షరేఖకు పైన, బుగ్యాల్ అని పిలిచే పచ్చికబయళ్ళ మధ్య ఉంది. ఆ దారిలో చివరగా కనిపించే చెట్లలో భూర్జం ఒకటి. మనకు తాటాకు ఎలాగో ఉత్తరాన గ్రంథాలు రాయడానికి భూర్జపత్రం అలాగ. ఆ పత్రం ఈ చెట్టు బెరడే. తూర్పుకు పోయేకొద్దీ వృక్షరేఖ ఇంకా పైకి వెళుతుంది. ఆగ్నేయ టిబెట్‌లో జూనిపర్ చెట్లు 4,900 మీటర్ల వరకు కనిపించాయి. ఉత్తరార్ధగోళంలో నమోదైన వాటిలో అదే అత్యున్నతం.

4.3 కొలవాల్సింది పెద్ద చెట్లను కాదు

వృక్షరేఖ జరగడం అంటే పాత చెట్లు నడిచి వెళ్ళడం కాదు. నిన్నటి దాకా గడ్డి మాత్రమే ఉన్న చోట విత్తనం పడి, మొలకెత్తి, చలికాలాలు తట్టుకొని, మంచు పొర పైకి తల ఎత్తడం. ఈ మొదటి మొక్కలు జానెడు నుంచి నడుమెత్తు వరకు ఉంటాయి. వాటిలో చాలావరకు చనిపోతాయి. బతికినవి పెద్ద చెట్లుగా కనిపించడానికి దశాబ్దాలు పడుతుంది. అందువల్ల పెద్ద చెట్లను మాత్రమే లెక్కిస్తే మార్పు మొదలైన ఎన్నో ఏళ్ళకు గాని మనకు తెలియదు.

ఉపగ్రహాలు ఇక్కడ అంతగా ఉపయోగపడవు. సెంటినెల్-2 చిత్రంలో ఒక చిత్రకణం 10 మీటర్ల చదరం. మన లిస్-4 సెన్సర్‌ది 5.8 మీటర్లు. ఆ చదరంలో అర మీటరు మొక్క ఒకటి మొలిస్తే రంగులో తేడా రాదు. 2018లో అంతరిక్ష కేంద్రానికి పంపిన నాసా వారి జెడై పరికరం లేజర్‌తోనే పనిచేసినా, అది ఒక్కో పల్స్‌తో చూసే వృత్తం వ్యాసం సుమారు 25 మీటర్లు. మొక్కల స్థాయిలో చూడాలంటే ఇంకా దగ్గరికి రావాలి, అంటే విమానం ఎత్తుకు.

4.4 సాధనం పనిచేసే తీరు

విమానం అడుగుభాగంలో ఉన్న పరికరం సెకనుకు లక్ష, అంతకు మించి లేజర్ పల్స్‌లను నేలవైపు పంపుతుంది. ప్రతి పల్స్ ఆకునో, కొమ్మనో, నేలనో తాకి పరావర్తనం చెంది తిరిగి వస్తుంది. వెళ్ళి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తారు. విమానం 1,000 మీటర్ల ఎత్తున ఉంటే కాంతి 2,000 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే సుమారు 6.7 మైక్రోసెకన్లు. సమయం కొలవడంలో ఒక్క నానోసెకను తేడా వచ్చినా దూరం 15 సెంటీమీటర్లు మారుతుంది. గడియారం ఎంత కచ్చితంగా ఉండాలో దీన్నిబట్టి ఊహించుకోండి.

దూరం ఒక్కటే తెలిస్తే చాలదు. ఆ క్షణంలో విమానం ఎక్కడ ఉందో జీపీఎస్ చెబుతుంది. విమానం ఎటు వంగి ఉందో జడత్వ మాపకం చెబుతుంది. మూడింటినీ కలిపితే ఆ పల్స్ తాకిన బిందువుకు అక్షాంశం, రేఖాంశం, ఎత్తు లభిస్తాయి. ఇలాంటి కోట్ల బిందువుల సమూహాన్ని బిందుసముదాయం అంటారు. అది ఫోటో కాదు. చిన్న చిన్న చుక్కలతో గాలిలో పోసిన నేల రూపం అనుకోవచ్చు.

ఒకే పల్స్ నుంచి ఒకటికంటే ఎక్కువ ప్రతిధ్వనులు రావచ్చు. కొంత కాంతి పైకొమ్మను తాకి వెనక్కి వస్తుంది, మిగతాది ఆకుల సందుల్లోంచి దిగి నేలను తాకుతుంది. చెట్ల కింది నేలను చూడగలిగే ఈ గుణం వల్లనే లైడార్‌కు అంత పేరు వచ్చింది. మన దేశంలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వాప్కాస్ సంస్థ చేత 26 రాష్ట్రాలలో 2,61,897 హెక్టార్ల అటవీ భూములలో లైడార్ సర్వే చేపట్టించింది. 10 రాష్ట్రాల నివేదికలు 2021 జూన్‌లో విడుదలయ్యాయి. అడవిలో నీరు, పశుగ్రాసం ఎక్కడ పెంచవచ్చో తెలుసుకోవడం దాని ఉద్దేశం. అక్కడ కావలసింది చెట్ల కింది నేల. వృక్షరేఖ దగ్గర కావలసింది నేల మీది చెట్టు. బిందుసముదాయం ఒకటే, ప్రశ్న తిరగబడింది.

4.5 నార్వే ప్రయోగం

ఈ సాధనంతో చిన్న మొక్కలను పట్టుకోగలమా అని సూటిగా పరీక్షించినవారు నార్వేకు చెందిన ఎరిక్ నేసెట్, నాసాకు చెందిన రాస్ నెల్సన్. వారి పరిశోధన 2007లో ప్రచురితమైంది. ఆగ్నేయ నార్వే పర్వతాలలో 342 చిన్న చెట్లను ఎంచుకున్నారు. అవి స్ప్రూస్, పైన్, బిర్చ్ జాతులు. ఈ బిర్చ్ మన భూర్జానికి దగ్గరి చుట్టమే. అతి చిన్న మొక్క ఎత్తు 11 సెంటీమీటర్లు, అతి పెద్దది 5.20 మీటర్లు. ప్రతి చెట్టు స్థానాన్ని, ఎత్తును నేలమీద నిలబడి కచ్చితంగా కొలిచారు. ఆ ప్రాంతంపై విమానం చదరపు మీటరుకు సగటున 7.7 పల్స్‌లు పంపింది.

ఫలితాలు చూసే ముందు మీరే ఒక చిన్న లెక్క చేయండి. తల వెడల్పు 30 సెంటీమీటర్లు ఉన్న మొక్క పైనుంచి చూస్తే సుమారు 0.07 చదరపు మీటరు ఆక్రమిస్తుంది. దాన్ని 7.7తో గుణిస్తే 0.54. అంటే ఆ మొక్క వంతుకు సగటున అర పల్స్ మాత్రమే వస్తుంది. తల వెడల్పు ఒక మీటరైతే విస్తీర్ణం 0.785, పల్స్‌లు 6. అదే సర్వేలో ఖర్చు తగ్గించడానికి చదరపు మీటరుకు 2 పల్స్‌లే పంపితే చిన్న మొక్కకు దక్కేది 0.14. అటువంటి మొక్కలు ఏడు ఉంటే వాటన్నిటికీ కలిపి ఒక్క పల్స్ అన్నమాట.

లెక్క సూచించినట్లే జరిగింది. మీటరు కంటే ఎత్తయిన చెట్లలో 91 శాతానికి పైగా లేజర్‌కు నేల కంటే ఎత్తుగా కనిపించాయి. మీటరు లోపు మొక్కల విషయంలో మాత్రం ఆ సంఖ్య 5 నుంచి 73 శాతం వరకు మారింది. కొలిచిన ఎత్తులు అసలు ఎత్తుల కంటే 0.40 నుంచి 1.01 మీటరు తక్కువగా వచ్చాయి. కాంతి కిరణం చెట్టు కొసనే తాకడం అరుదు, పక్కకొమ్మను తాకుతుంది. పైగా గడ్డి, పొదలు నేలను కొంచెం పైకి చూపిస్తాయి. రెండూ ఒకే దిశలో లాగుతాయి కనుక ఇది క్రమదోషం. ఎన్ని చెట్లు కొలిచి సగటు తీసినా పోదు.

5 నుంచి 73 శాతం అన్న సంఖ్య దగ్గర కాసేపు ఆగండి. అవే చెట్లు, అదే విమానం, అవే పల్స్‌లు. మరి ఇంత తేడా ఎక్కడిది?

4.6 నేల ఏది?

తేడా అంతా భూతల నమూనాది. బిందుసముదాయంలో ఏ చుక్క నేల, ఏ చుక్క చెట్టు అని పరికరం చెప్పదు. కంప్యూటరు తేల్చాలి. ముందు నేల ఇది అని ఒక ఉపరితలాన్ని ఊహించి, దానికంటే పైన ఉన్నవాటిని వస్తువులుగా తీసుకుంటారు. నేసెట్, నెల్సన్ మూడు రకాల భూతల నమూనాలు వాడి చూశారు. నమూనా నునుపైన కొద్దీ ఎక్కువ మొక్కలు దొరికాయి. కానీ వాటితో పాటు రాళ్ళు, మట్టిదిబ్బలు కూడా చెట్లుగా లెక్కకొచ్చాయి.

ఇది అర్థం కావడానికి ఇటీవలి పద్ధతి ఒకటి ఉపయోగపడుతుంది. అందులో బిందుసముదాయాన్ని తలకిందులు చేసి, దానిమీద ఒక గుడ్డ పరిచినట్లు లెక్కిస్తారు. తలకిందులు చేసినప్పుడు చెట్టు గుంటలాగా మారుతుంది, పుట్ట కూడా గుంటలాగానే మారుతుంది. గుడ్డ మెత్తనిదైతే ప్రతి గుంటలోకీ దిగిపోతుంది. పుట్ట నేలలో భాగమైపోతుంది, అది సరే. మొక్క కూడా నేలైపోతుంది, అది తప్పు. గుడ్డ బిరుసైనదైతే ఏ గుంటలోకీ దిగదు. మొక్క మొక్కగా మిగులుతుంది, పుట్ట కూడా మొక్కగా మిగులుతుంది.

జహీరాబాద్ చుట్టుపక్కల లాటరైట్ ఎర్రనేలల్లో బీడు భూమి ఒకటి ఊహించుకోండి. అక్కడ నడుమెత్తు తంగేడు పొద ఒకటి, పక్కనే నడుమెత్తు చెదపుట్ట ఒకటి ఉన్నాయి. మనిషికి ఆ రెండింటి తేడా చెప్పడానికి క్షణం పట్టదు. వాటిలో ఒక్కొక్కదానిమీద మూడు నాలుగు చుక్కలే పడితే ఆ చుక్కల ఎత్తునుబట్టి ఏది పొద, ఏది పుట్ట అని చెప్పలేం. వృక్షరేఖ పైన ఉన్న నేలంతా ఇటువంటి రాళ్ళతో, గడ్డిదిబ్బలతో నిండి ఉంటుంది. వాటి సంఖ్య మొక్కల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఏదైనా నివేదిక ఒక కొండమీద ఇన్ని వేల కొత్త మొక్కలు దొరికాయి అంటే, భూతల నమూనాను ఎంత నునుపుగా తీసుకున్నారో, ఎన్నింటిని నేలమీదకు వెళ్ళి సరిచూశారో వెతకండి. ఆ రెండూ రాయకపోతే ఆ సంఖ్యను నమ్మాల్సిన పని లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీటరు లోపు మొక్కలు 73 శాతం దొరికిన నమూనా, 5 శాతం దొరికిన నమూనా కంటే తప్పకుండా మెరుగైనదేనా? కారణం రాయండి.

4.7 రెండోసారి వెళ్ళడం

ఒక్కసారి స్కాన్ చేస్తే రాయి, మొక్క కలిసిపోతాయి. అదే చోటును కొన్నేళ్ళ తరువాత మళ్ళీ స్కాన్ చేస్తే ఒక వెసులుబాటు ఉంది. రాయి పెరగదు. రెండు సర్వేలలోనూ అదే ఎత్తున ఉన్న చుక్కలను పక్కన పెట్టి, ఎత్తు పెరిగినవాటిని మాత్రమే చూడవచ్చు.

వినడానికి సులభమే, చేయడానికి కాదు. వృక్షరేఖ దగ్గర మొక్క ఏడాదికి 4 సెంటీమీటర్లు పెరుగుతుందనుకుందాం. పరికరం ఎత్తులో 10 నుంచి 15 సెంటీమీటర్ల తేడా రావడం మామూలే. రెండేళ్ళకు మొక్క పెరిగింది 8 సెంటీమీటర్లు, అది ఆ తేడాలోనే మునిగిపోతుంది. పదేళ్ళకైతే 40 సెంటీమీటర్లు, అప్పుడు కనిపిస్తుంది. ఈలోగా పరికరం మారుతుంది, పల్స్‌ల సంఖ్య పెరుగుతుంది, విమానం ఎగిరే ఎత్తు మారుతుంది. రెండోసారి ఎక్కువ పల్స్‌లు పంపితే ఎక్కువ మొక్కలు దొరుకుతాయి. అవి అంతకుముందూ ఉన్నవే కావచ్చు. సాధనం మెరుగుపడినందుకు అడవి పెరిగినట్లు కనిపించడం ఇందులోని అసలు ప్రమాదం. అందుకే ఒకే రుతువులో ఎగురుతారు, రెండు సర్వేల సాంద్రతను సమానం చేస్తారు, రోడ్డు వంటి మారని గట్టి తలాలను కొలిచి రెండింటినీ సరిపోలుస్తారు.

ఉత్తర స్వీడన్‌లోని అబిస్కో దగ్గర పరిశోధకులు దీనిని మరోవైపునుంచి పరీక్షించారు. పర్వత బిర్చ్ అడవిలో కొన్ని ప్లాట్లను ఎంచుకొని, రెండు స్కానింగ్‌ల మధ్య కావాలనే చెట్లు నరికారు. జరిగిన మార్పు ముందే తెలుసు కనుక, పద్ధతి దానిని గుర్తించిందో లేదో తేల్చవచ్చు. చెట్లు పెరిగే దాకా దశాబ్దం వేచి ఉండకుండా వాటిని తీసివేసి చూడటం తెలివైన ఏర్పాటు. అయితే పెద్ద చెట్టు మాయం కావడం గుర్తించినంత తేలిక కాదు చిన్న మొక్క పుట్టడం గుర్తించడం.

4.8 జరిగిందని తేలితే, ఎందుకు జరిగింది?

2009లో మెలనీ హార్ష్, ఆమె సహచరులు ప్రపంచవ్యాప్తంగా 166 వృక్షరేఖా స్థలాల సమాచారాన్ని కలిపి చూశారు. 1900 తరువాతి కాలంలో 52 శాతం స్థలాల్లో రేఖ ముందుకు జరిగింది, 1 శాతంలో మాత్రమే వెనక్కు తగ్గింది. మిగతావి దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. అంతటా వేడి పెరుగుతుంటే సగం రేఖలు ఎందుకు కదలలేదు? విత్తనం చేరాలి, మట్టి ఉండాలి, మంచు జారుళ్ళు తుడిచిపెట్టకూడదు. ఉష్ణోగ్రత అనుమతి ఇస్తుందే తప్ప మొక్కను తెచ్చి నాటదు.

దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా ఉంది. వేడితో సంబంధం లేకుండా రేఖ పైకి జరగవచ్చు. నార్వేలో ఒకప్పుడు రైతులు వేసవిలో పశువులను పర్వతాలపైకి తోలుకెళ్ళి అక్కడే పాడి నడిపేవారు. గత శతాబ్దంలో ఆ అలవాటు బాగా తగ్గింది. మేసే నోరు లేకపోవడంతో మొక్కలు నిలదొక్కుకున్నాయి. ఉష్ణోగ్రత ఎప్పుడో అనుమతించిన ఎత్తుకు అడవి ఇప్పుడు చేరుకుంటోంది. దానిని వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే తప్పు. హిమాలయాలలోనూ చాలాచోట్ల వృక్షరేఖను ఉష్ణోగ్రత కంటే ముందు మేత, వంటచెరకు, నిప్పు కిందికి నొక్కి ఉంచాయి.

ఇది పుస్తకాల వాదన మాత్రమే కాదు. బుగ్యాల్‌లలో వేసవి మేతపై ఆధారపడిన కాపరి కుటుంబాలు ఉన్నాయి. అడవి పైకి పాకుతోందని ఒక పటం చూపితే ఆ నేల అటవీశాఖదా, మందదా అన్న తగవుకు అదొక సాక్ష్యమవుతుంది. పుట్టలను మొక్కలుగా లెక్కించిన పటమైతే నష్టపోయేది పటం గీసినవారు కాదు. లేజర్ మొక్క ఎక్కడుందో చెప్పగలదు. ఆ చోట ఇదివరకు ఎన్ని గొర్రెలు మేసేవో కాపరిని అడిగి తెలుసుకోవాలి. ఈ రెండు రకాల సమాచారం ఒకే పట్టికలోకి రాకపోతే కారణం గురించి మాట్లాడకపోవడం మేలు.

4.9 హిమాలయాలలో ఈ పని

నార్వేలో నడిచిన పద్ధతిని ఉన్నదున్నట్లు హిమాలయాలకు తీసుకురాలేం. అక్కడి వృక్షరేఖ వేల మీటర్ల ఎత్తున, నిటారు వాలుల మీద ఉంటుంది. విమానం ఒకే ఎత్తున ఎగిరితే లోయ వైపు నేల దూరమై చుక్కలు పలచబడతాయి, శిఖరం వైపు దగ్గరై చిక్కబడతాయి. దాంతో ఒకే సర్వేలో రెండు సాంద్రతలు వస్తాయి. 4.5లో చేసిన లెక్క ప్రకారం ఒకవైపు మొక్కలు ఎక్కువగా, మరోవైపు తక్కువగా కనిపిస్తాయి. మొక్కలకు ఆకులుండే నెలల్లో వానమబ్బులు, మబ్బులు విడిచే నెలల్లో మంచు. ఎగరడానికి అనువైన రోజులు కొద్ది. నిటారు వాలుమీద ఇంకొక చిక్కు ఉంది. అడ్డంగా అర మీటరు స్థానం తప్పితే 45 డిగ్రీల వాలులో ఎత్తు కూడా అర మీటరు తప్పుతుంది. మొక్క ఎత్తు అంతే.

ఈ రంగంలోకి రావాలనుకునేవారికి దారి దూరమేమీ కాదు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్ బాలానగర్‌లో ఉంది. దాని భూకేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. ఉపగ్రహ సమాచారంతో పాటు విమాన సర్వేలు, లేజర్ స్కానింగ్ కూడా ఆ సంస్థ పనులలో భాగమే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం జారీ చేసిన భౌగోళిక సమాచార మార్గదర్శకాలతో భారతీయ సంస్థలు ఇటువంటి పటాలు తయారుచేయడం ఇదివరకటికంటే సులభమైంది.

4.10 అభ్యాసం

మీ ఊరి దగ్గర పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న బీడు చదరాన్ని ఎంచుకోండి. జహీరాబాద్ అధ్యయన కేంద్రం విద్యార్థులకు గొట్టంగుట్ట వైపు నేలలు బాగా సరిపోతాయి. తాడు, టేపు చాలు. ఆ చదరంలో మీటరు లోపు ఎత్తున్న ప్రతి పొదను, రాయిని, పుట్టను విడివిడిగా గుర్తించి, వాటి ఎత్తు, పైనుంచి చూస్తే కనిపించే వెడల్పు నమోదు చేయండి. ఒక్కొక్కదానికి చదరపు మీటరుకు 2, 7.7, 20 పల్స్‌ల చొప్పున ఎన్ని పల్స్‌లు దక్కుతాయో లెక్కించండి. కనీసం మూడు పల్స్‌లు దక్కినవే కనిపిస్తాయనుకుంటే, మూడు సాంద్రతలలో ఒక్కోదానిలో ఎన్ని పొదలు దొరుకుతాయి? వాటితో పాటు ఎన్ని రాళ్ళు, పుట్టలు చెట్లుగా లెక్కకొస్తాయి? పట్టికను సంప్రదింపు తరగతికి తీసుకురండి. ఇద్దరు వేర్వేరుగా కొలిచిన ఒకే చదరమైతే ఇంకా మంచిది. మీ ఇద్దరి సంఖ్యలు ఎక్కడ కలవలేదో దానిమీదే చర్చ మొదలుపెడతాం.